పడమటి గాలిలో పెనుకొండ దాకా

నా మేనల్లుడు మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్. జడ్చర్ల, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ అంటూ వారమంతా బండి మీదే తిరుగుతాడు. ఇంటికొచ్చి హెల్మెట్ తీశాక కూడా చెవుల్లో గుయ్యిమనే మోత గంటల తరబడి వదలడం లేదని ఈమధ్య చెప్పాడు. ముప్పై నిండని పిల్లవాడి నోట ఆ మాట వినగానే దిగులేసింది. అప్పటికి ఆషాఢం మొదలైంది. ఆ గాలిలోనే హైదరాబాద్ నుంచి పెనుకొండ దాకా రెండు బళ్ల మీద వెళ్దామని, వాడి తలను కొడుతున్న గాలి ఎటునుంచి వస్తోందో చూసి దారిలోనే విండ్‌షీల్డులు సరిచేసుకుందామని బయలుదేరాం. పెనుకొండను ఎంచుకున్నది దారి కోసం. కర్నూలు దాటి అనంతపురం వైపు దిగేకొద్దీ నైరుతి రుతుపవనాల రోజుల్లో పడమటి గాలి ఆగకుండా వీస్తుంది. అక్కడ కుదురుకున్న విండ్‌షీల్డు మిగతా దారుల్లో ఇబ్బంది పెట్టదని నా నమ్మకం.

నాది 350 సీసీ బుల్లెట్. హ్యాండిల్‌కు బిగించిన ఎత్తైన పాలికార్బొనేట్ షీల్డు ఉంది. వాడిది టూరింగ్ బండి. హెడ్‌లైటు పైన ఫ్రేముకే బిగించిన పొట్టి షీల్డు దానితోపాటే వచ్చింది. సంచిలో అల్లెన్ కీలు, రబ్బరు వాషర్లు, టేపు, పాత స్వెటర్ విప్పి తీసిన ఊలు పోగులు, ఫోమ్ ఇయర్‌ప్లగ్స్, షీల్డు అంచుకు తగిలించి ఎత్తు పెంచే ఒక చిన్న క్లిప్ అద్దం పెట్టుకున్నాం.

ఔటర్ రింగు రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. ఆరాంఘర్, శంషాబాద్ మీదుగా తెల్లవారుజామునే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకున్నాం. షాద్‌నగర్ దాకా ఊళ్లూ బస్సులూ ఉండటంతో వేగం యాభై, అరవై దాటలేదు. ఆ వేగంలో ఇంజను చప్పుడూ టైర్ల చప్పుడూ విడివిడిగా వినిపిస్తాయి. షాద్‌నగర్ దాటి ముల్లు ఎనభై మీదికి వెళ్లేసరికి ఇంజను వినపడటం మానేసింది. చెవుల నిండా గాలే.

ఇందులో లెక్క ఉంది. వేగం పెరిగితే గాలి తోపు దాని వర్గం కొద్దీ పెరుగుతుంది. గంటకు 60 నుంచి 90 కిలోమీటర్లకు వెళ్తే వేగం ఒకటిన్నర రెట్లు, మన మీద పడే తోపు మాత్రం రెండుంపావు రెట్లు. మోత ఇంకా వేగంగా పెరుగుతుంది. వంద దగ్గర హెల్మెట్ లోపల 90 డెసిబెల్స్ దాటడం మామూలే. కార్మికుల ఆరోగ్యాన్ని చూసే అమెరికా సంస్థ నియోష్ 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలకు మించి ఉండొద్దంటుంది. అక్కణ్నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి పడిపోతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2, 94 అయితే ఒక్క గంట. ఊరూరా తిరిగే ఉద్యోగులు ఆ గంటను పొద్దున్నే ఖర్చు చేసేస్తారు. లోపలి చెవిలోని సన్నని కేశకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ మొలవవు. చెవి పోయేది కొంచెం కొంచెంగా కాబట్టి పోతున్నట్టు తెలియదు కూడా.

జడ్చర్ల దాటాక రోడ్డు ఖాళీగా, తిన్నగా ఉన్నచోట వాణ్ని ఫుట్‌రెస్టుల మీద కాసేపు లేచి నిలబడి నడపమన్నాను. తర్వాత ధాబా దగ్గర ఆగాం.

“ఎట్లుంది అల్లుడూ?”

“నిలబడితే మోత సగం తగ్గింది మామా. గాలి ఛాతీకి గట్టిగ కొడుతుంది గాని తల ఊగుతలేదు. కూసుంటే మళ్ల అదే లొల్లి.”

వాడి బాధకు మూలం ఆ మాటలోనే దొరికింది. ఎదురుగాలి తనంతట తాను చదునుగా, ఒక్క తీరుగా వస్తుంది. షీల్డు అంచు దాన్ని చీల్చుతుంది. వాగులో బండరాయి వెనక నీళ్లు తిరిగినట్టు, అంచు వెనక గాలి సుళ్లు తిరుగుతుంది. కూర్చున్నప్పుడు వాడి గడ్డం సరిగ్గా ఆ సుళ్లలో ఉంటోంది. లేచి నిలబడితే తల వాటిని దాటి పైనున్న శుభ్రమైన గాలిలోకి వెళ్తోంది. ఒక్కో సుడి తగిలినప్పుడల్లా హెల్మెట్ అటూ ఇటూ అదురుతుంది. బండ్లు నడిపేవాళ్లు బఫెటింగ్ అని వాపోయేది దీన్నే. చూపు మసకబారడం, మెడ నొప్పి, సాయంత్రానికి ఒళ్లంతా అలసట దాని వెంటే వస్తాయి.

అందుకే ధాబా దగ్గరే వాడి పొట్టి షీల్డు విప్పి సంచిలో పెట్టాం. పెబ్బేరు దాకా వాడు షీల్డు లేకుండానే వచ్చాడు. మోత ఉంది గానీ తగ్గుతూ పెరుగుతూ కొట్టడం లేదు, తల అదరడం లేదు. సరిగా అమరని షీల్డు కన్నా అసలు లేకపోవడమే నయమని వాడికి అక్కడ అర్థమైంది. కాకపోతే ఛాతీ మీద గాలి బరువంతా చేతులే మోయాలి. ఎనభై దాటితే భుజాలు లాగేస్తాయి. దూరాలు పోయేవాడికి షీల్డు కావాలి, కానీ వాడి ఎత్తుకు కుదిరింది కావాలి.

బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున ఆంజనేయస్వామి గుడికి వెళ్లి దండం పెట్టుకొని, చెట్టు నీడన బళ్లు నిలిపి ఊలు పోగులు బయటికి తీశాం. వేలెడు పొడవు ముక్కలు కత్తిరించి షీల్డుల లోపలివైపు వరసలుగా, అంచు పొడవునా, హెల్మెట్ల గడ్డం కిందా పక్కలా టేపుతో అంటించాం. గాలి కంటికి కనపడదు. పోగు మాత్రం దాని దారి చూపిస్తుంది. విమానాల రెక్కల మీద గాలి నడకను ఇంజనీర్లు ఇప్పటికీ ఇలా పోగులు అంటించి చూస్తారు. రద్దీ లేని సర్వీసు రోడ్డు మీద డెబ్బై దగ్గర ఒకరి వెనక ఒకరం నడుపుతూ చూసుకున్నాం.

నా షీల్డు పైఅంచు పోగులు వెనక్కి చదునుగా పడుకున్నాయి. లోపలివైపు కింద ఉన్నవి మాత్రం బండి పోయే దిక్కుకే తలలెత్తి గంతులేస్తున్నాయి. అంటే షీల్డు వెనక అల్పపీడనం ఏర్పడి, నా వీపు వైపు నుంచి గాలిని తిరిగి ముందుకు లాగుతోంది. ఎత్తైన షీల్డు పెట్టుకున్నా వీపు మీద ఎవరో తోస్తున్నట్టుండేది అందుకే. కింది బోల్టుల దగ్గర రబ్బరు వాషర్లు పేర్చి షీల్డును కొద్దిగా వెనక్కి వాల్చాను. హెడ్‌లైటుకూ దానికీ మధ్య రెండు వేళ్లు పట్టే సందు వదిలాను. ఆ సందులోంచి లోపలికొచ్చిన కాస్త గాలి వెనకున్న ఖాళీని నింపుతుంది. మళ్లీ నడిపి చూస్తే లోపలి పోగులు చాలావరకు నెమ్మదించాయి, వీపు మీద తోపు పోయింది.

వాడి పొట్టి షీల్డును తిరిగి బిగించి, అంచు మీద క్లిప్ అద్దం తగిలించాం. రెంటికీ మధ్య వేలెడు సందు ఉండేలా చూశాం. దాన్ని కొంచెం కొంచెంగా పైకి జరుపుతూ, ప్రతిసారీ కాస్త దూరం నడిపి ఆగుతూ వచ్చాం. గడ్డం కింద అన్ని దిక్కులకూ కొట్టుకుంటున్న పోగు ఒకచోట ఉన్నట్టుండి నిమ్మళించింది. వాడు కూర్చొని చూస్తే షీల్డు అంచు ముక్కు ఎత్తులో ఉంది, రోడ్డు అంచు మీదుగా కనిపిస్తోంది. అలాగే ఉండాలి కూడా. అద్దంలోంచి చూస్తూ నడిపితే వాన చుక్కలు, దుమ్ము, రాత్రిపూట ఎదుటి లైట్ల వెలుగు కళ్లకు అడ్డుపడతాయి.

హెల్మెట్ కింది అంచు సంగతి అప్పుడే వాడికి చెప్పాను. ఇంగ్లండ్‌లో బాత్ యూనివర్సిటీ పరిశోధకులు బొమ్మ తలకు హెల్మెట్ పెట్టి, చెవుల దగ్గర మైకులు అమర్చి విండ్ టన్నెల్‌లో పరీక్షించారు. గడ్డం కింది భాగమే మోత పుట్టే ముఖ్యమైన చోటని తేలింది. వాడు పల్చటి గుడ్డను మెడచుట్టూ గట్టిగా కట్టి హెల్మెట్‌లోకి దోపుకున్నాడు. కొసలు బయటికి వేలాడితే అవే టపటపా కొట్టుకొని కొత్త చప్పుడు చేస్తాయి.

తుంగభద్ర దాటి కర్నూలు చేరేసరికి ఎండెక్కింది. ఉగ్గాని, బజ్జీ తిన్నాం. సీటు కవర్లు కుట్టే షాపు వెతుక్కొని, నా బండి ఫోర్కులకూ ట్యాంకుకూ మధ్యనున్న ఖాళీని మూసేందుకు రెగ్జిన్ ముక్కలు కుట్టించాను. పైన షీల్డు ఎంత చక్కగా ఉన్నా కిందనుంచి ఎగదన్నే గాలి నేరుగా గడ్డం కిందికే వస్తుంది. హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పి చూసి, ముక్కలు ఎక్కడా చిక్కుకోకుండా కత్తిరించమన్నాను. కుట్టే ఆయన నెమ్మదిగా, శ్రద్ధగా చేశారు.

ఆ పని అయ్యేలోగా మావాడికి ఈ షీల్డుల చరిత్ర చెప్పాను. అమెరికాలోని ఇల్లినాయ్‌లో క్రెయిగ్ వెట్టర్ 1966లో బళ్లకు ఫెయిరింగులు, అంటే బండి ముందుభాగాన్ని కప్పే గాలి తొడుగులు, తయారు చేయడం మొదలుపెట్టాడు. ఆయన విండ్‌జామర్ 1970లలో ఆ దేశపు రోడ్లన్నిటా కనిపించింది. 1976లో బీఎండబ్ల్యూ తన ఆర్100ఆర్ఎస్ బండికి ఇటలీలో పినిన్‌ఫరీనా వాళ్ల విండ్ టన్నెల్‌లో పరీక్షించిన నిండు ఫెయిరింగ్ పెట్టి అమ్మింది. నడిపేవాడు కూర్చున్న చోట గాలి ఎలా తిరుగుతుందో చూసి గీసిన ఆకారమది. విండ్ టన్నెల్ మనకు అందదు గానీ, ఊలు పోగులకు ఖర్చేమీ లేదు.

వెల్దుర్తి, డోన్ దాటి ప్యాపిలి వైపు వెళ్తుండగా గాలి కుడిపక్క నుంచి అందుకుంది. మేం దక్షిణానికి పోతున్నాం, అది పడమట నుంచి కొడుతోంది. బండిని కుడికి వాల్చి పట్టుకుంటేనే తిన్నగా పోతుంది. వెనకనుంచి లారీ వచ్చి కుడివైపున దాటుతున్నప్పుడు ముందు ఎడమకు ఒక తోపు. తర్వాత లారీ గాలిని అడ్డుకోగానే, అప్పటికే కుడికి వాలి ఉన్న బండి లారీ వైపే జరుగుతుంది. అది దాటిపోగానే గాలి మళ్లీ ఒక్కసారిగా కొడుతుంది. మూడూ రెప్పపాటులో అయిపోతాయి. చేతులు బిగించకుండా, మోకాళ్లతో ట్యాంకును పట్టుకొని, రోడ్డు అంచుకు తగినంత ఎడం ఉంచుకుంటే బండి తనంతట తాను కుదురుకుంటుంది.

ఎత్తైన షీల్డు ఖరీదు ఏమిటో ఇక్కడ తెలుస్తుంది. నాది హ్యాండిల్‌కు బిగించింది. అంత వెడల్పు పలక మీద పడిన గాలి నేరుగా స్టీరింగ్‌ను తిప్పుతుంది. వాడి షీల్డు ఫ్రేముకు ఉంది కాబట్టి బండి మొత్తం పక్కకు జరగడమే తప్ప హ్యాండిల్ కదలడం లేదు. గుత్తిలో ఆగి నా షీల్డును ఒక గాడి కిందికి దించాను. హెల్మెట్ పైభాగం దగ్గర కొంచెం మోత పెరిగింది, బండి మాత్రం చేతికి లొంగింది. వేగం డెబ్బైకి తగ్గించాను. మోత పూర్తిగా పోవడం కోసం బండి మీద పట్టు వదులుకోకూడదు. మిగిలిన మోతకు ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ పెట్టుకున్నాం. గాలి హోరు అణిగింది, లారీ హారన్లు స్పష్టంగానే వినిపించాయి.

గుత్తిలో ఆగినచోట టీకొట్టు ఆమె మా బళ్ల మీది ఊలు పోగులు చూసి, సంగతి విని అంది: “ఆషాఢం కదప్పా, గాలి ఇట్లనే ఉంటాది. రేకులు గూడా లేసిపోతాయి. నిదానంగా తోలుకొని పోండి.”

రాత్రి అనంతపురంలో ఉండి, పొద్దున్నే రాప్తాడు మీదుగా కదిలాం. పడమట రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. 1990లలోనే ఇక్కడ గాలి నుంచి కరెంటు తీయడం మొదలుపెట్టారు. ఏడాది మొత్తంలో ఈ రుతుపవనాల నెలల్లోనే అవి ఎక్కువ కరెంటునిస్తాయి. రెక్కలు గాలి ఎటునుంచి వస్తే అటు తిరిగి, దాని జోరును బట్టి కోణం మార్చుకుంటాయి. మావాడు బండి పక్కకు ఆపి వాటిని చాలాసేపు చూశాడు. “ఇంత పెద్ద మరలకే కోణం మార్చుడు అవసరమైతే, మన అద్దం ఫిట్టింగు ఒకటే తీరుగ ఎట్లుంటది మామా?” అన్నాడు. నేను దారంతా చెప్పినదానికన్నా ఆ ఒక్క ప్రశ్నే సూటిగా ఉంది.

1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండలో, గగన్ మహల్ దగ్గర బళ్లు నిలిపాం. వాడి చెవుల సంగతి డాక్టర్‌కు చూపించి తేల్చుకోవాల్సిందే, షీల్డు దానికి మందు కాదు. రేపటి నుంచి ఆ చెవుల మీద పడే దెబ్బను మాత్రం తగ్గించుకున్నాం. దూరాలు తిరిగే ప్రతివాళ్లకూ నేను చెప్పేది ఇదే. కొత్త షీల్డు కొనేముందు ఖాళీ రోడ్డు మీద ఒకసారి లేచి నిలబడి చూడండి. మోత తగ్గితే లోపం మీ తలకూ షీల్డు అంచుకూ మధ్య దూరంలో ఉంది. పోగులు అంటించండి, వాషర్లతో కోణం మార్చండి, కింద సందు వదలండి, ఫోర్కుల మధ్య ఖాళీ మూయండి. అంచు ముక్కు ఎత్తులో ఉండేలా చూడండి. పక్కగాలి ఉన్న దారిలో దాన్ని దించండి. ఇక షీల్డులు అమ్మేవాళ్లకు ఒక విన్నపం. హెల్మెట్‌ను తల కొలత చూసి అమ్ముతున్నారు. షీల్డును కూడా మనిషిని ఆ బండి మీద కూర్చోబెట్టి, సీటు నుంచి కంటిదాకా కొలిచి అమ్మండి. అందుకు పట్టేది ఒక టేపూ, కాసింత ఓపికా.