ఈస్టు మారితే కొలతా మారాలి

ఇడ్లీ పిండి పులిసిందో లేదో వాసన చూసి చెప్పగల ఆడవాళ్లం మనం. అయినా ఇంట్లో బ్రెడ్ అనేసరికి జంకుతాం. పుస్తకంలో ఒక ఈస్టు రాసి ఉంటుంది, మన కొట్లో ఇంకోటి దొరుకుతుంది. చిక్కంతా అక్కడే వస్తుందండీ.

మా ఎదురింటి వదినగారు పిల్లల స్కూలు ఫీజుల కోసం బన్నులు చేసి అమ్ముతారు. ఓసారి తడి ఈస్టు 20 గ్రాములని రాసి ఉంటే, కొట్లో దొరికిన ఇన్‌స్టంట్ ఈస్టు 20 గ్రాములూ వేసేశారు. మన రాజమండ్రి ఎండలకి పిండి గిన్నె దాటి పొర్లింది. బన్నులు ఒకటే కల్లు వాసన! ఆ పూట ఆర్డరు పోయింది, అరకిలో మైదా పోయింది.

నిజానికి మూడూ ఒక జాతివే. బేకరీల్లో వాడే తడి ఈస్టు మెత్తటి ముద్ద, అందులో నూటికి 70 పాళ్లు నీరే. ఆరబెట్టినవి మిగతా రెండూ. అందుకే అవి తక్కువ చాలు. అరకిలో మైదాకి తడి ఈస్టు 20 గ్రాములైతే, ఆవగింజల్లా ఉండే డ్రై ఈస్టు 8 నుంచి 10, సన్న రవ్వలా ఉండే ఇన్‌స్టంట్ 7 గ్రాములు, అంటే రెండుంబావు టీస్పూన్లు. ఈ లెక్క వంటింటి తలుపు మీద రాసుకున్నాక వదినగారి ఆర్డర్లు మళ్లీ నిలబడ్డాయి.

వేసే పద్ధతీ వేరే. ఇన్‌స్టంట్‌ని నేరుగా పిండిలో కలపొచ్చు. డ్రై ఈస్టుని మాత్రం చిటికెడు పంచదార వేసి గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు నాననివ్వాలి. నురగ రాలేదా, దాని ప్రాణం పోయినట్టే. మైదాలో కలిపి పాడుచేసుకోకండి. మరిగే నీళ్లు పోస్తే ఏ ఈస్టయినా చచ్చిపోతుంది. ఎండాకాలం కుండనీళ్లతో కలిపినా చాలు. గడియారం చూడకండి, పిండి రెట్టింపయ్యిందా లేదా చూడండి.

ఈస్టు లేదని వంటసోడా వేస్తే కేకులా పొడిపొడిగా వస్తుంది గానీ బ్రెడ్డులా సాగదు. గోవాలో పూర్వం కల్లుతోనే రొట్టెల పిండి పులియబెట్టేవారు. మన తాటికల్లులోనూ ఈ జాతి ఈస్టు ఉంటుంది. కానీ దాని బలం పూటకో రకం, కొలత చెప్పలేం.

ప్యాకెట్టు విప్పాక మాత్రం వదిలేయకండి. మన కోనసీమ తేమకి ఇట్టే పాడవుతుంది. గాలి చొరని సీసాలో పోసి, విప్పిన తేదీ రాసి, ఫ్రిజ్‌లో పెట్టండి. అనుమానం వస్తే పంచదార నీళ్లున్నాయిగా, ఓ చెంచా వేసి చూసుకోండి!