సనత్‌నగర్‌లో మాయామాళవగౌళ!

అమీర్‌పేట రద్దీ దాటి, ఎర్రగడ్డ మీదుగా సనత్‌నగర్ వెళ్లాను. ఒకప్పుడు ఆల్విన్ ఫ్రిజ్‌లు తయారైన పేట! అక్కడో సందులో కుర్రాడొకడు గిటార్‌పై మాయామాళవగౌళ పట్టుకున్నాడు. మన సరళీ వరసల రాగమే లెండి. పాశ్చాత్యులకు మాత్రం వింత స్కేలు. 1962లో డిక్ డేల్ గిటార్ మీద హోరెత్తించిన 'మిసిర్లూ'లో ఉన్నదీ ఈ ఛాయే.

'సి'ని షడ్జమం అనుకోండి. స-గ-ప కలిపితే సి మేజర్. రి-మ-ద కలిపితే డి ఫ్లాట్ మేజర్. అరస్వరం ఎడంలో రెండు మేజర్లు! మామూలు మేజర్ స్కేల్లో ఈ పొందు దొరకదు.

మరి పాట ముగింపులో మనవాళ్లకు అలవాటైన జి మేజర్? అది వేశారో, చతుశ్రుతి రిషభం దూరి రాగం కాస్తా చెడుతుంది. అందుకే కుర్రాడు జి జోలికి పోలేదు. డి ఫ్లాట్ మీద ఓ క్షణం ఊరించి, మెల్లగా సి మీదికి దిగాడు.