కారు రాని దారిలో... ద్రాక్షతోటల మధ్య సైకిల్ షికారు!

ద్రాక్షతోట అనగానే మన సినిమా అభిమానికి గుర్తొచ్చేది ఒక్కటే - డ్యూయెట్! పైన పందిరి, పందిరి నిండా గుత్తులు, కింద హీరో హీరోయిన్ల పరుగులు! వైన్‌కి జగమెరిగిన పేరున్న ఫ్రాన్సులో, అందులోనూ బర్గండీ సీమలో అడుగుపెట్టిన నాకు మొట్టమొదట ఎదురైన వింత ఏమిటంటే... అక్కడ పందిరే లేదు! ద్రాక్షమొక్క నడుమెత్తు దాటదు. తీగలు లాగిన వరసల్లో, బడిపిల్లల్లా బుద్ధిగా నిలబడి వుంటాయి మొక్కలు. ఎకరానికి దాదాపు 4,000! అక్కడ డ్యూయెట్ తీయాలంటే హీరో హీరోయిన్లు మోకాళ్ళ మీద పాకాల్సిందే.

రెండో వింత దారి. కారు హారన్ వినపడని దారి!

బోన్ అనే పాత పట్నం నుంచి సాంతెనే అనే పల్లె దాకా సుమారు 22 కిలోమీటర్లు. దాని పేరే 'ద్రాక్షతోటల దారి'. వూళ్ళు దాటేటప్పుడు కాసేపు మామూలు వీధులు తగుల్తాయి. అవి తప్పిస్తే, మిగతాదంతా తోటల మధ్య బాటే. సైకిళ్ళకీ, కాలినడక వాళ్ళకీ, ఆ తోటలవాళ్ళ ట్రాక్టర్లకీ తప్ప ఇంకెవరికీ ప్రవేశం లేదు. ఆ ట్రాక్టర్లు కూడా చూడవలసినవే. మిడత కాళ్ళలాగా పొడుగాటి కాళ్ళు! ద్రాక్ష వరసకి అటొక చక్రం, ఇటొక చక్రం వేసి, మొక్కల్ని పొట్టకింద నుంచి పోనిస్తూ నడుస్తాయి. అది ఎదురొస్తే మనం దిగి పక్కకి తప్పుకోవాలి. అది వాళ్ళ పొలం, మనం చుట్టాలం.

పొమార్, వోల్నే, మర్సో, పులిన్యీ... గంటకి 12 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఒక్కొక్క వూరూ గంటస్తంభంతో సహా మెల్లగా పైకి లేస్తుంది, లాంగ్ షాట్‌లోంచి క్లోజప్‌లోకి వచ్చినట్టు!

చెక్కకీ చెక్కకీ ఒక పేరు

కారులో పోయేవాడికి అదంతా ఒకే పచ్చటి కొండవాలు. సైకిల్ మీద వెళ్తేనే అసలు సంగతి తెలుస్తుంది. మోకాలెత్తు రాతిగోడలు, వాటి మీద చెక్కిన పేర్లు కనిపిస్తాయి. ఆ కొండవాలుని వందల ఏళ్ళ కిందటే చిన్న చిన్న చెక్కలుగా విడదీసి, ఒక్కో చెక్కకీ ఒక్కో పేరు పెట్టుకున్నారు. ఆ చెక్కని వాళ్ళు 'క్లిమా' అంటారు. అలాంటివి 1,247 వున్నాయి. 2015లో యునెస్కో ఈ క్లిమాలని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పైకి చూస్తే గట్టుకి ఇవతలా అదే మొక్క, అవతలా అదే మొక్క. ఎర్ర వైన్‌కి పీనో న్వార్, తెల్ల వైన్‌కి షార్దొనే. కానీ మన్ను మారుతుంది, వాలు మారుతుంది, ఎండ పడే తీరు మారుతుంది. దాంతో రుచీ మారుతుంది, ధరా మారుతుంది! మోంరాషే అనే క్లిమా వుంది. మొత్తం కలిపి 8 హెక్టార్లు, మన లెక్కలో 20 ఎకరాలు. అందులో పండిన తెల్ల వైన్ సీసా ఒకటి కొనాలంటే నా బోటి విలేకరి కొన్ని నెలలు పస్తుండాలి. అంత ఖరీదైన నేలకి కాపలాదారు లేడు, ముళ్ళకంచె లేదు. ఒక పాత రాతిగోడ, అంతే. ఆ గోడ పక్కన సైకిల్ స్టాండు వేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. గుత్తి మీద చెయ్యి వెయ్యకూడదు. అది అక్కడి మర్యాద.

ఆస్పత్రిలో షూటింగ్!

సినిమా పత్రికలో సినిమా మాట లేకపోతే ఎలా? బోన్ నడిబొడ్డున రంగురంగుల పెంకుల కప్పుతో ఒక ధర్మాసుపత్రి వుంది. బర్గండీ ప్రభువు దగ్గర మంత్రిగా వున్న నికొలా రొలాఁ 1443లో బీదవాళ్ళ కోసం కట్టించాడు. 1971 దాకా అందులో రోగులుండేవారు. దాతలిచ్చిన ద్రాక్షతోటలు ఆ ఆసుపత్రి ఆస్తి. ఆ తోటల్లో పండిన వైన్‌ని 1859 నుంచి ఏటా నవంబర్‌లో వేలం వేస్తారు.

1966లో వచ్చిన 'లా గ్రాంద్ వద్రూయ్' అనే హాస్యచిత్రం కథ ఈ ఆసుపత్రి మీదుగా నడుస్తుంది. లూయి ద ఫ్యునే, బుర్విల్ నాయకులు. జర్మన్ సైన్యం కళ్ళుగప్పి ఇంగ్లీషు విమాన సైనికుల్ని దాటించే కథ. ఫ్రాన్సులో 1 కోటి 70 లక్షలకు పైగా టిక్కెట్లు తెగాయి. 'టైటానిక్' వచ్చేదాకా ఆ రికార్డుని కొట్టినవాడు లేడు!

ఇంకొకటి, సెద్రిక్ క్లపీష్ 2017లో తీసిన 'బ్యాక్ టు బర్గండీ'. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ, చెల్లెలూ తోటని నిలుపుకోవాలా, పన్ను కట్టడానికి అమ్ముకోవాలా అని తల్లడిల్లే కథ. నాలుగు కాలాల్లోనూ అక్కడే వుండి తీశారు. అందులో వేషం వేసిన ఝాన్-మార్క్ రులో, నిజజీవితంలో మర్సోలో వైన్ చేసే ఆసామీయే! ఆ కథ నాకు మొదట కాస్త సాగదీసినట్టనిపించింది. వోల్నే దగ్గర ఒక పెద్దాయనతో మాట్లాడాక అలా అనిపించలేదు.

"ఇప్పుడక్కడ ఏముంది?"

నేను వెళ్ళింది సెప్టెంబర్ మొదటివారంలో. గోడ మీద కూచుని రొట్టె తింటున్నాడాయన. డెబ్భై దాటి వుంటాయి. వచ్చీరాని ఇంగ్లీషులో పలకరించాడు.

"ఏ వూరు, మస్యూ?"

"హైదరాబాదండీ. ఇండియా."

"మీ దగ్గర ద్రాక్ష పండుతుందా?"

అడిగాడు కదా అని మొదలుపెట్టాను. మా దగ్గర అనాబెషాహీ అనే రకం వుండేదనీ, లేతపసుపు గుత్తి ఒక్కోటి చంటిపిల్లంత బరువుండేదనీ, మా తోటల్లో పందిళ్ళు వేసేవారనీ, చిన్నప్పుడు మా నాన్న స్కూటర్ మీద మేడ్చల్ రోడ్డుకి తీసుకెళ్ళి తోటలోనే తూకం వేయించి కొనేవాడనీ చెప్పుకొచ్చాను. ఆయన నవ్వుతూ విన్నాడు.

"ఇప్పుడక్కడ ఏముంది?"

"ప్లాట్లు. ఇళ్ళు. ఫంక్షన్ హాళ్ళు."

ఆయన నవ్వలేదు. తోటవైపు చెయ్యి చూపించి, "ఇక్కడ ఇల్లు కట్టనివ్వరు. కానీ ఎండని ఎవరు ఆపుతారు?" అన్నాడు. వాళ్ళ నాన్న హయాంలో సెప్టెంబర్ చివర్లో కోతలు మొదలయ్యేవిట. ఈసారి నేను వెళ్ళేసరికే ఆయన తోట సగం కోసేశారు.

అది ముసలాయన బెంగ అని కొట్టిపారేయడానికి లేదు. బోన్‌లో ఏ ఏడు ఏ రోజున ద్రాక్ష కోశారో 1354 నుంచీ లెక్కలున్నాయి. పరిశోధకులు వాటన్నిటినీ వరసగా పేర్చి 2019లో అచ్చువేశారు. 1988 నుంచి కోతలు సగటున 13 రోజులు ముందుకి జరిగాయని తేల్చారు. అక్కడితో ఆగిందా అంటే, లేదు. చలికాలం పోకముందే వెచ్చబడితే మొగ్గ తొందరపడి విచ్చుకుంటుంది. తర్వాత ఒక్క రాత్రి మంచు పడితే మాడిపోతుంది. 2021 ఏప్రిల్‌లో సరిగ్గా అదే జరిగింది. రాత్రంతా వరసల మధ్య మంటలు వెలిగించి మొక్కల్ని కాచుకున్నారు. ఫోటోల్లో దీపావళిలా కనపడింది గానీ, ఆ ఏడు ఫ్రాన్సులో ఎంతోమందికి పంటే లేదు.

ఇంకో విచిత్రం. ఫ్రెంచిలో వాతావరణాన్ని కూడా 'క్లిమా' అనే అంటారు! చెక్క పేరూ అదే, చెక్కకొచ్చిన ఆపద పేరూ అదే.

రైలుబాట మీద సైకిల్

సాంతెనేతో ఆగబుద్ధి కాకపోతే, 18వ శతాబ్దం చివర తవ్విన కాలవ గట్టు పట్టుకుని షాలోన్ వైపు పోవచ్చు. ఆ దగ్గర్లోని జివ్రీ నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్లు మరో దారి. ఒకప్పుడది రైలుమార్గం. రైళ్ళు ఆగిపోయాక పట్టాలు తీసేసి, తారువేసి, 1997లో సైకిళ్ళకిచ్చేశారు. ఫ్రాన్సులో ఆ తరహా 'పచ్చబాట' అదే మొదటిది. రైలింజను నిటారు ఎత్తు ఎక్కలేదు కాబట్టి దారంతా వాలు తెలియనంత మెత్తగా వుంటుంది. పిల్లలూ, పెద్దవాళ్ళూ హాయిగా తొక్కుతున్నారు. పాత స్టేషన్లూ, ప్లాట్‌ఫారాలూ అలాగే వున్నాయి. ప్లాట్‌ఫారం మీద కాళ్ళు చాపుకుని, రాని రైలు కోసం ఎదురుచూస్తున్నట్టు కూచుని టిఫిన్ చేశాను!

క్లూనీలో 910లో వెలసిన మఠం వుంది. ఒకనాడు క్రైస్తవ ప్రపంచంలోకెల్లా పెద్ద చర్చి అదే. ఫ్రెంచి విప్లవం తర్వాత రాళ్ళకోసం పడగొట్టేశారు. మిగిలింది కొంచెమే. ఆపైన మాకోన్ వైపు వెళ్తే 1.6 కిలోమీటర్ల పాత రైలు సొరంగం వస్తుంది. శీతాకాలంలో దాన్ని మూసేస్తారు. ఎందుకో తెలుసా? లోపల గబ్బిలాలు నిద్రపోతాయని! మనుషుల్ని ఆపి గబ్బిలాలకి దారిచ్చే దేశం!

మన హైదరాబాదులో కూడా అవుటర్ రింగురోడ్డు పక్కన పైన సోలార్ పలకలతో 23 కిలోమీటర్ల సైకిల్ దారి 2023లో మొదలైంది. మంచిపనే. నేనూ ఆదివారాలు తొక్కుతుంటాను. ఒక పక్క కార్ల హోరు, ఇంకోపక్క మేడలు. తొక్కుతున్నప్పుడల్లా ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న గుర్తొస్తుంది. దారి మళ్ళీ వేసుకోవచ్చు. ప్లాటైపోయిన తోటని మళ్ళీ తోట చేసినవాడిని నేనింతవరకు చూడలేదు.

వెళ్ళదలుచుకున్నవారికి రెండు ముక్కలు. పారిస్ నుంచి దిజోన్‌కి సూపర్‌ఫాస్టు రైల్లో గంటన్నర పైచిలుకు. అక్కడినుంచి బోన్‌కి లోకల్ రైల్లో 20 నిమిషాలు. సైకిళ్ళు బోన్‌లోనే అద్దెకి దొరుకుతాయి. మే, జూన్, సెప్టెంబర్ మంచి నెలలు. వైన్ రుచి చూపించేచోట పుక్కిలించి ఉమ్మేయడానికి గిన్నె పెడతారు. మొహమాటపడకుండా ఉమ్మేయండి. మందు కొట్టి బండి నడిపితే వేసే జరిమానా ఆ దేశంలో సైకిల్‌వాడికీ వుంది!