బొమ్మల కార్డూ, దివిసీమ ప్రయాణమూ

బందరు మనిషికి లడ్డూ సంగతీ, తుపాను సంగతీ ఒకరు చెప్పనక్కరలేదు. కంప్యూటరు సంగతి మాత్రం ఎవరో ఒకరు చెప్పవలసిందే. అందులోనూ నాబోటి తెలుగు మాస్టారికి!

మా ఇంట్లో కంప్యూటరు 2014లో కొన్నది. అప్పుడు మా అమ్మాయి ఒకటో తరగతి, ఇప్పుడు ఇంటర్మీడియెట్. పిల్ల ఎదిగింది గాని కంప్యూటరు ఎదగలేదు. ప్రశ్నపత్రాలు రాసుకోవడానికీ, మార్కులు వేసుకోవడానికీ అది ఎదగవలసిన అవసరమూ కనబడలేదు. చిక్కల్లా రెండేళ్ళ కిందట నేను నెత్తికెత్తుకున్న పనితో వచ్చింది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచిన సంగతి పాఠకులు ఎరుగుదురు. పదివేల మందికి పైగా పోయారు. నేను పుట్టింది ఆ తర్వాత మూడేళ్ళకు. ఆనాడు పాతికేళ్ళవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దాటాయి. మా బందరును కూడా 1864 నవంబరు 1 రాత్రి సముద్రం ముంచింది. సుమారు 30,000 మంది పోయారంటారు. ఆనాడు బతికి బయటపడ్డవాళ్ళ గొంతు ఒక్కటీ మనకు మిగలలేదు. దివిసీమకు ఆ గతి పట్టకూడదని, సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి, నాగాయలంక, కోడూరు వైపు పల్లెలు తిరిగి, పెద్దవాళ్ళు చెప్పింది సెల్‌ఫోనులో పట్టుకొచ్చి కంప్యూటరులో దాస్తున్నాను.

తీరా ఇంటికొచ్చి చూస్తే, మాట సాగిపోతుంది, బొమ్మ ఆగిపోతుంది. ఒక పెద్దమ్మ "అల తాడిచెట్టంత లేచింది నాయనా" అని చెప్పి ఊరుకున్న తర్వాత, ఆవిడ చెయ్యి తీరిగ్గా పైకి లేస్తుంది.

"గ్రాఫిక్స్ కార్డు మార్చాలి నాన్నా, పన్నెండువేల పైచిలుకు అవుతుంది" అంది మా అమ్మాయి.

"వంటింటి గోడకు చెమ్మ దిగుతోంది. దానికి ఏ కార్డు వేస్తారో కాస్త కనుక్కురండి" అంది మా ఆవిడ.

ఇలా తర్జనభర్జనలు పడుతుండగానే 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. మా వీధిలో కరెంటు పదిసార్లు వచ్చి పదకొండుసార్లు పోయింది. మర్నాటి నుంచీ కంప్యూటరు లోపల ఏదో టిక్కుటిక్కుమనడం మొదలెట్టింది. ఇక లాభం లేదని, ఆ ఆదివారం పెట్టెను దుప్పట్లో మూటకట్టి గుడివాడ రైలెక్కాను. గుడివాడే ఎందుకంటే, అక్కడ నా పాత శిష్యుడొకడు కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. ఛందస్సులో నా చేత తిట్లు తిన్నవాడు. ఇప్పుడు నా వంతు వచ్చిందన్నమాట.

ఎదురుగా కూర్చున్న పెద్దాయన మూటను తేరిపార చూసి, "హార్మోనియమా అండీ?" అన్నారు. "అలాంటిదేనండీ, శ్రుతి తప్పింది" అన్నాను.

పెడన స్టేషను వచ్చింది. కలంకారీ అద్దకానికి పేరుపడ్డ ఊరు. అద్దకపు షెడ్డులో పొడుగాటి బల్ల మీద గుడ్డ పరిచి, ఒకరు గీతల అచ్చు వేస్తుంటే, మరొకరు ఎరుపు, ఇంకొకరు పసుపు అద్దుకుంటూ పోతారు. కంప్యూటరులో జరిగేదీ ఇంచుమించు ఇదేనట. ప్రాసెసరు పెద్ద పండితుడు. కష్టమైన లెక్కలు చేస్తాడు గాని చేతులు తక్కువ. గ్రాఫిక్స్ కార్డులో వందల కొద్దీ చిన్న చిన్న పనివాళ్ళుంటారు. తెర మీది చుక్కలన్నీ పంచుకుని ఒక్కసారే అద్దేస్తారు. ఈ ఉపమానం మా అమ్మాయికి చెబితే "పరవాలేదు నాన్నా" అంది. ఈ కాలపు పిల్లల నోట అంతకు మించిన మెప్పు లేదు.

కవుతరం, గుడ్లవల్లేరు దాటాయి. తుపానుకు పడిపోయిన వరిచేలు కొన్నిచోట్ల ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి. వాటిని చూశాక నా పన్నెండువేల బెంగ నాకే చిన్నదిగా తోచింది.

శిష్యుడు పెట్టె విప్పి, దుమ్ము ఊది, బంగాళాఖాతపు ఉప్పుగాలికి చిలుమెక్కిన ఇత్తడి మరలు చూపించాడు.

"మాస్టారూ, ఫోను బొమ్మను చిన్న చోట పట్టడానికి గట్టిగా మడతపెడుతుంది. హెచ్‌ఇవిసి అని, 2013లో వచ్చిన పద్ధతి. ఆ మడత విప్పే భాగం మీ పాత కార్డులో లేదు. ఆ బరువంతా ప్రాసెసరు మీద పడి, అది రొప్పుతోంది. జీటీఎక్స్ 1650 లాంటి కార్డు వేస్తే విప్పుతుంది. అది 75 వాట్లతో సరిపెట్టుకుంటుంది గనక కరెంటు పెట్టె మార్చనక్కరలేదు."

"అయితే వెయ్యి మరి!"

"వేస్తానండీ. కానీ 2014 నాటి ప్రాసెసరు ఇది. దీన్ని విండోస్ 11 ఒప్పుకోదు. విండోస్ 10కి కంపెనీవాళ్ళు మామూలుగా ఇచ్చే మరమ్మతులు మొన్న అక్టోబరు 14తో ఆగిపోయాయి. ముసలి ఎద్దుకు కొమ్ములకు వెండి తొడిగించినట్టవుతుంది. అదీగాక..." అంటూ పెట్టెకు చెవి ఆనించాడు. వాడి ముఖం మారింది. ఏదో పరీక్ష పెట్టి చూశాడు. హార్డుడిస్కులో గదులు వరసగా చెడిపోతున్నాయట. "మాస్టారూ, ఆ రికార్డింగులు ఇంకెక్కడైనా ఉన్నాయా?"

లేవు. ఫోను నిండిపోయినప్పుడల్లా అందులోవి నేనే చెరిపేశాను. నెలలపాటు బొమ్మ సరిగా కదలడం లేదని బాధపడ్డవాణ్ణి, ఆ బొమ్మ అసలు మిగులుతుందా అని ఒక్కనాడూ ఆలోచించలేదు. తాడిచెట్టంత అల అన్న ఆ పెద్దమ్మ మొన్న సంక్రాంతికే కాలం చేసింది.

వాడు మరి మాట్లాడకుండా కొత్త ఎస్‌ఎస్‌డీ ఒకటి తగిలించి నకలు తియ్యడం మొదలుపెట్టాడు. ఆరు గంటలు పట్టింది. అంతసేపూ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, పరీక్ష ఫలితాల కోసం చూసే పిల్లవాడిలా వేళ్ళు లెక్కపెట్టుకున్నాను. చివరకు మూడు ఫైళ్ళు తప్ప అన్నీ వచ్చాయి. ఆ మూడింటిలో ఒకటి పెద్దమ్మ చెప్పినదాని రెండో భాగం. మొదటి భాగంలో ఆవిడ తాడిచెట్టును కరుచుకుని రాత్రంతా గడిపిన వైనం ఉంది. రెండో భాగంలో, ఆ ఇంట్లో పోయిన పదకొండు మంది పేర్లు, వరసలతో సహా వల్లించింది. ఆ పేర్లే పోయాయి.

కార్డు కొనలేదు. ఆ డబ్బులోనే ఎస్‌ఎస్‌డీ, బయట తగిలించుకునే డిస్కు ఒకటి వచ్చాయి. ఇకమీదట పాత పద్ధతిలో, అంటే హెచ్264లో, రికార్డు చేసేలా మావాడు ఫోనులో మీట మార్చి ఇచ్చాడు. ఫైలు కాస్త పెద్దదవుతుంది గాని పాత కంప్యూటరు కూడా ఇట్టే విప్పుతుందట. ఇదివరకటి వాటిని రాత్రిపూట ఒక్కొక్కటే మార్చుకోవచ్చునట. "ఒక్కచోటే దాచకండి మాస్టారూ, ఇంకెక్కడైనా కూడా ఉండాలి" అన్నాడు. నేను వాడికి చెప్పిన పాఠాలన్నిటికన్నా ఈ ఒక్క మాట విలువైనదనిపించింది.

ఆ రాత్రి అక్కడే ఉండి, మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి, పామర్రు బస్సెక్కాను. కూచిపూడి దాటి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ చేరాం. అక్కడ కృష్ణ పాయ మీదుగా అక్విడక్టులో కాలువ నీళ్ళు దివిసీమలోకి పోతాయి. కింద నది, పైన కాలువ. ఎన్నిసార్లు చూసినా కిటికీలోంచి తల బయటపెట్టకుండా ఉండలేను. అవనిగడ్డలో బస్సు మారి నాగాయలంక, అక్కణ్ణుంచి ఆటోలో రొయ్యల చెరువుల గట్లమీదుగా ఆ పల్లె చేరేసరికి పొద్దు వాలింది.

పెద్దమ్మ కోడలికి అరవై ఏళ్ళుంటాయి. సంగతి చెప్పి, క్షమించమని అడిగి, ఆవిడ మనవడి ఫోనులోకి మొదటి భాగం ఎక్కించాను. చిత్రమేమంటే, అంత చవక ఫోనులోనూ బొమ్మ ఎక్కడా తొట్రుపడలేదు. మడత విప్పే ఏర్పాటు అందులో ఎప్పటినుంచో ఉందట! నాలుగు నెలల నా చర్చకు సమాధానం ఆ కుర్రవాడి జేబులోనే ఉంది. పెద్దమ్మ "అల తాడిచెట్టంత లేచింది నాయనా" అంది. ఆ మాటతోపాటే చెయ్యీ లేచింది. అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు.

బొమ్మ అయిపోయింది. కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుని అంది: "ఆ తర్వాత మా అత్త ఏం చెప్పేదో నాకు తెలుసులే బాబూ. ఈ ఇంట అడుగుపెట్టిన కాడినుంచీ ప్రతి ఏడూ ఆ రోజున దీపం పెట్టి చెప్పేది. నీ ఫోను తియ్యి."

తీశాను. ఈసారి సంచిలోంచి నోటుపుస్తకం కూడా తీశాను. ఆవిడ ఒక్కొక్క వేలే ముడుస్తూ పదకొండు పేర్లూ, ఎవరికి ఎవరేమవుతారో, ఒక్కటీ తడుముకోకుండా చెప్పింది.