ఇంటికి ఇంధన ఘటం

సముద్రగర్భంలో బడబాగ్ని ఉంటుందని పురాణాలు చెబుతాయి. నీటికీ నిప్పుకూ చుట్టరికం కలిపిన ఆ కల్పన కావ్యపఠన వేళల్లో నన్ను ఎంతగానో ఆకర్షించేది. హైడ్రోజన్‌కు మన పెద్దలు ‘ఉదజని’ అని పేరు పెట్టారు. ఉదకాన్ని పుట్టించేదని దాని అర్థం. ఉదజని ప్రాణవాయువుతో కలిసి నీరుగా మారేటప్పుడు వెలువడే శక్తిని మంట లేకుండానే విద్యుత్తుగా మార్చే సాధనం ఇంధన ఘటం. దీనినే ఫ్యూయల్ సెల్ అంటారు. 1839లో విలియం గ్రోవ్ ఇటువంటి ఘటంపై ప్రయోగం చేశాడు. 1965లో జెమిని-5 వ్యోమనౌకకు ఇదే విద్యుత్తును అందించింది.

అంతరిక్షంలో పనిచేసిన ఈ ఘటం సామాన్యుని ఇంట దీపం వెలిగించగలదా? ఇటీవల నా పూర్వవిద్యార్థి ఒకడు ఈ ప్రశ్న వేశాడు. పల్లెలో ఉన్న అతని తల్లికి రాత్రివేళ ఆక్సిజన్ అందించే యంత్రం నడవాలి. కరెంటు పోతే ఆమెకు ఊపిరి భారమవుతుంది. “మాస్టారూ, ఫ్యూయల్ సెల్ వచ్చేదాకా ఆగమంటారా?” అని అడిగాడు. సాహిత్యమే వృత్తిగా గల నేను ఆ ప్రశ్న కోసం విజ్ఞానశాస్త్ర గ్రంథాలు తిరగవేశాను.

జపాన్‌లో 2009 నుండి ‘ఎనె-ఫార్మ్’ పేరుతో గృహోపయోగ ఇంధన ఘటాలు అమ్ముతున్నారు. సుమారు 700 వాట్ల ఘటం ఒక కుటుంబ అవసరాలలో చాలావరకు తీరుస్తుంది. పైపుల ద్వారా వచ్చే గ్యాసు నుండే అది ఉదజనిని గ్రహిస్తుంది. ఇంధనశక్తిలో దాదాపు 40 శాతం విద్యుత్తుగా మారుతుంది. మిగిలిన వేడిలో అధికభాగం స్నానపు నీటిని కాచడానికి ఉపకరిస్తుంది. వేడినీటి తొట్టిలో నిత్యం స్నానం చేసే అలవాటు గల ఆ దేశంలో ఈ వేడి వృథా కాదు. అయినప్పటికీ తొలినాళ్లలో ఒక్కొక్క పరికరం ధర 30 లక్షల యెన్‌లకు పైమాటే. ప్రభుత్వ రాయితీ లేనిదే అది ఇళ్లకు చేరేది కాదు.

ఎండలు మండే మన సీమలో అంత వేడినీటి అవసరం లేదు. పల్లెలకు గ్యాసు పైపులూ లేవు. ఉదజని మిక్కిలి తేలికైన వాయువు కనుక, దానిని తొట్లలో నింపాలంటే వాతావరణ పీడనానికి వందల రెట్ల పీడనం కావాలి. సౌరవిద్యుత్తుతో నీటిని విడగొట్టి ఉదజనిని తయారుచేసి, దానిని మరల విద్యుత్తుగా మార్చితే చివరకు దక్కేది ఇంచుమించు మూడో వంతు మాత్రమే. మంచి బ్యాటరీ అయితే 80 శాతానికి పైగా తిరిగి ఇస్తుంది.

ఆ తల్లి వాడే యంత్రానికి 350 వాట్లు చాలు. ఎనిమిది గంటలకు లెక్కవేసినా మూడు యూనిట్లు దాటదు. “ఆగవద్దు నాయనా. ముందు ఇన్వర్టరు, తగినంత బ్యాటరీ అమర్చుకో. వైద్యుని సలహాతో ఒక ఆక్సిజన్ సిలిండరును కూడా ఇంట ఉంచుకో” అని చెప్పాను.

2023 జనవరిలో మన దేశం జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. రేపు ఉదజని చౌకగా దొరికితే ఈ లెక్క మారవచ్చు. విద్యార్థులారా! ఆ లెక్కను మరల వేయవలసినవారు మీరే. కొత్త సాధనం ఎదురైనప్పుడు ఇంధనం ఎక్కడిది, వేడి ఎటు పోతుంది, ఖర్చు ఎవరు భరిస్తారు అని అడగండి. ఆ సమాధానాలు తెలిసిన తరువాతే అది మన ఇంటికి తగునో లేదో నిర్ణయించండి.