కమిలిన మచ్చలు

సీలేరు క్యాంపులో మా క్వార్టర్ల కింద చదును చేసిన స్థలం ఒకటుండేది. పవర్‌హౌస్ డ్యూటీ దిగిన మగవాళ్ళు సాయంత్రాలు అక్కడ వాలీబాల్ ఆడేవారు. సెలవు రోజుల్లో మగపిల్లలు ఫుట్‌బాల్ ఆడేవారు. ఏడో తరగతి దాకా నేనూ వాళ్ళలో ఒకదాన్ని. సమర్తాడాక నా చోటు గట్టు మీదికి మారింది. ఎవరూ కోప్పడలేదు. "పడి చెయ్యో కాలో విరిగితే రేపు నిన్నెవడు చేసుకుంటాడే" అంది నానమ్మ నవ్వుతూనే. కొండమీంచి పైపుల్లో దూకే నీళ్ళతో 240 మెగావాట్ల కరెంటు తీసే ఊరు మాది. కుళాయి రాని రోజున అదే పిల్ల రెండు బిందెలతో మెట్లెక్కుతుంటే మాత్రం, పడితే ఏమవుతుందన్న బెంగ ఎవరికీ కలగలేదు. కట్టెల మోపులతో కొండ దిగే ఆదివాసీ ఆడవాళ్ళ కాళ్ళ గురించైతే ఆ ఆలోచనే రాలేదు, నాతో సహా.

2019లో పరిశోధన పనిమీద కొన్ని నెలలు ఇంగ్లండ్‌లో ఉన్నాను. నాతోపాటు అద్దెకున్న నర్సు ఒక అమెరికన్ ఫుట్‌బాల్ క్లబ్బులో ఆడేది. పేరుకి ఫుట్‌బాలే గాని కోలబంతి చేతుల్లోనే ఉంటుంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. ఎదుటివాళ్ళు ఒంటితో అడ్డుపడి ఆపాలి. కబడ్డీ తెలిసిన వాళ్ళకి సగం అర్థమైనట్టే. 1982లో ఛానల్ 4 టీవీలో చూపించడం మొదలుపెట్టాక ఆ దేశంలో ఈ మోజు పుట్టింది. మరుసటి ఏడాదే లండన్ రేవెన్స్ క్లబ్బు వచ్చింది. ఇప్పటికీ చాలా క్లబ్బుల్లో ఆడేవాళ్ళే చందా కట్టి, హెల్మెట్టూ భుజాల కవచమూ కొనుక్కుని, వారాంతాల్లో బురదలో దొర్లుతారు. మనకీ ఆ ఆట వచ్చింది. 2012 నాటి ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఎనిమిది జట్లు, హైదరాబాదుది స్కైకింగ్స్. అన్నీ మగవాళ్ళ జట్లే.

ఇంగ్లండ్ ఆడవాళ్ళకి మైదానాలు ఊరికే దొరికాయనుకోకండి. మామూలు ఫుట్‌బాల్ సంగతే చూడండి. 1920 డిసెంబరు 26న డిక్ కెర్ ఫ్యాక్టరీ అమ్మాయిల మ్యాచికి లివర్‌పూల్‌లో 53,000 మంది వచ్చారు. ఏడాది తిరక్కుండానే, ఈ ఆట స్త్రీలకి తగదంటూ అక్కడి ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాలు వాళ్ళకి మూసేసింది. ఆ నిషేధం సుమారు యాభై ఏళ్ళు నడిచింది. మా నానమ్మ మాటే, కోటు తొడుక్కుని తీర్మానమై వచ్చిందన్నమాట.

చూడ్డానికి వెళ్ళినదాన్ని మూడో వారం కవచం తొడుక్కున్నాను. తల పక్కకి పెట్టి, భుజం ఆమె నడుముకి ఆనించి, రెండు చేతులా తొడలు చుట్టెయ్యాలి. చదువుకున్నంత తేలిక కాదు. పరుగెత్తి వెళ్ళి, గుద్దబోయే ముందు ప్రతిసారీ "సారీ" అన్నాను. నాలుగోసారి కోచ్ ఆట ఆపి, ఎవరికి చెప్తున్నావని అడిగింది. స్త్రీల ఆత్మకథల మీద డాక్టరేట్ చేసినదాన్ని, జవాబు లేక నిలబడ్డాను.

ఇదంతా విముక్తి అని రాయడానికి నాకు మనసొప్పదు. 2002లో చనిపోయిన మైక్ వెబ్‌స్టర్ మెదడుని పరీక్షించినప్పటి నుంచీ ఈ ఆటలో తలకి తగిలే దెబ్బలు ఏం చేస్తాయో లోకానికి తెలుసు. మగవాళ్ళ యుద్ధభాష మనకెందుకన్న ప్రశ్న కూడా నన్ను వదల్లేదు. అయినా ఆట అయ్యాక బట్టలు మార్చుకునే గది గుర్తొస్తే ఆ ప్రశ్న పక్కకి పోతుంది. అక్కడ ఆడవాళ్ళు చేతులూ తొడలూ చూపించుకునేవారు. ఇది నువ్వు చేసిందే, ఇది పోయిన వారం దెబ్బ అని మచ్చ మచ్చకీ లెక్క చెప్పుకుంటూ పడీపడీ నవ్వేవారు.

మా పక్క క్వార్టర్ అత్తయ్య మే నెలలో కూడా పొడుగు చేతుల జాకెట్టు తొడిగేది. పొరపాటున మణికట్టు బయటపడితే తలుపు తగిలిందనేది. అమ్మకి తెలుసు, వీధి వీధికీ తెలుసు. ఆ మచ్చలకి కర్త లేడు. ఎప్పుడూ తలుపే, లేకపోతే బిందె.

(2022లో ఫిన్లండ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో బ్రిటన్ ఆడవాళ్ళు అమెరికా చేతిలో మాత్రమే ఓడి రెండో స్థానంలో నిలిచారు. 2028 ఒలింపిక్స్‌లో ఈ ఆట ఫ్లాగ్ ఫుట్‌బాల్ రూపంలో ఉండబోతోంది. గుద్దుకోవడం లేదు, నడుముకి వేలాడే పట్టీ లాగితే చాలు. 2023 అక్టోబరులో ఆ నిర్ణయం జరిగింది ముంబైలోనే. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకటే ఆట.)

ఆ ఆదివారం రాత్రి అమ్మ వీడియో కాల్ చేసింది. నేను జుట్టు వెనక్కి తోసుకుంటుంటే మోచేతి పైన కమిలిన చోటు కనబడింది.

"ఎవరు కొట్టారే?" అంది. దెబ్బెలా తగిలిందని కాదు, ఎవరు కొట్టారనే.

ఆటలో ఒక అమ్మాయి పడేసిందని చెప్పాను. చిన్నపిల్లలకి పాఠాలు చెప్తుందన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. సీలేరులో వాన పడుతున్నట్టుంది, చప్పుడు వినపడుతోంది.

"మరి నువ్వు?"

"నేనూ పడేశాను."

"ఎలా పడేశావో చెప్పు" అంది. వంటింట్లో స్టవ్ కట్టేసి వచ్చి కూర్చుంది. భుజం ఎక్కడ ఆనించాలో, చేతులు ఎక్కడ వెయ్యాలో చెప్పడానికి చాలాసేపు పట్టింది.