ట్రిగ్గర్ నొక్కిన తరువాత

మూతిలోంచి మందు దట్టించే పాతకాలపు పిస్తోళ్లకు ఇప్పటికీ అంతర్జాతీయ పోటీలున్నాయి. 25 మీటర్ల దూరం నుంచి, ఒంటిచేత్తో, అరగంటలో 13 గుండ్లు కాల్చాలి. మెరుగైన 10 మాత్రమే లెక్కలోకి వస్తాయి. ఆ మూడు గుండ్ల మన్నింపు నాకు భలే నచ్చింది. మన పరీక్షల్లో ఎక్కడుందండీ అలాంటి దయ?

చెకుముకి పిస్తోలుతో అసలు పరీక్ష ట్రిగ్గర్ నొక్కాకే మొదలవుతుంది. రాయి ఉక్కుకు రాసుకోవాలి, రవ్వ పళ్లెంలోని మందును అంటించాలి, ఆ మంట చిన్న రంధ్రం గుండా గొట్టంలోకి పాకాలి. అప్పుడుగానీ గుండు కదలదు. ఈలోగా కళ్లెదుటే భగ్గుమంటుంది. చెయ్యి ఉలిక్కిపడిందా, గురి పోయినట్టే. అందుకే కొందరు ఇంట్లో మందు లేకుండా, రాయికి బదులు చెక్కముక్క బిగించి, ట్రిగ్గర్ నొక్కాక కూడా చెయ్యి నిలపడమే సాధన చేస్తారు. గురి చూడటం కన్నా ఇదే కష్టమని నాకనిపిస్తుంది.

మిగతాదంతా ఓపిక. ప్రతిసారీ అదే కొలత మందు, అదే మందం గుడ్డపీలిక, అదే ఒత్తిడితో దట్టింపు. తుపాకిమందు మసి పేరుకుంటుంది గనుక మధ్యమధ్య గొట్టం తుడవాలి; తడి మిగిలితే మందు చెమ్మగిల్లుతుంది. ఇన్ని పనులకూ గుండుకు దక్కేది రెండు నిమిషాల పైచిలుకు.